కంచం మోతకు కదలని కుక్క

మా కూతురి ఇంటి గేటుకు కుక్క కంటే ముందు బోర్డు వచ్చింది. "కుక్క ఉన్నది, జాగ్రత్త" అని ఎర్రరంగుతో రాసిన రేకు. అల్లుడు నెల్లూరులో కొని లారీలో వేసుకొచ్చి తగిలించాడు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. కూతురు బడి నుంచి వచ్చి పుస్తకం ముందేసుకుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నవే. అందుకని ఇప్పటికీ గోడ మీద రాత కనబడితే చదవకుండా వదలను. ఆ బోర్డు చదివి, గేటు లోపలికి తొంగి చూసి అడిగాను.

"కుక్క యాడ నాయనా?"

"వస్తాది లే అత్తా. ముందు దొంగల్ని చదువుకోనీ."

"చదువుకున్నోడైతే కరెంటు వైర్లు కోసుకుపోవడం ఎందుకు? వాడికి ఆ మాత్రం తెలిస్తే ఎప్పుడో ఉద్యోగం చేసుకుంటా ఉంటాడు."

వైర్ల సంగతి చెప్పాలి. విడవలూరు దాటి సముద్రం వైపు వెళితే, అలల చప్పుడు వినబడే దూరంలో మా కూతురు రొయ్యల గుంటలు చేస్తుంది. ఇల్లు గుంటల గట్టు మీదే. పక్కన ఇంకో ఇల్లు లేదు. అల్లుడు రొయ్యలు తోలే లారీ డ్రైవరు. చెన్నై అంటాడు, విశాఖ అంటాడు, పోయినవాడు ఎప్పుడు వస్తాడో చెప్పలేడు. ఆ ఇంట్లో కూతురు, చిన్న మనవరాలు, నేను. రొయ్యలకు గాలి అందడానికి గుంటలో చక్రాలు తిరుగుతుంటాయి. ఒకసారి ఎవరో ఆ చక్రాలకు పోయే వైర్లు కోసి రాగి కోసం ఎత్తుకుపోయారు. తెల్లారేసరికి రొయ్యలు నీళ్ళ మీద తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ పూట మా కూతురు ఏడవలేదు. జనరేటరు తెప్పించి, మిగిలినవాటిని బతికించుకుని, ఆ తరువాత మొహం కడుక్కుంది.

అల్లుడు మాత్రం బెదిరిపోయాడు. గుంటలు ఎత్తేద్దాం, నెల్లూరులో ఇల్లు చూస్తాను, అక్కడైతే నలుగురి మధ్య ఉంటారు అన్నాడు.

"నెల్లూరులో నేనేం చేయాల? కిటికీలో కూర్చుని ఆటోలు లెక్కపెట్టాలా?" అంది కూతురు.

దానికి ఆ గుంటలంటే ప్రాణం. నీళ్ళ రంగు చూసి రొయ్య ఎట్లా ఉందో చెబుతుంది. మొదట్లో దాన్ని చూసి నవ్విన మగవాళ్ళు ఇప్పుడు మేత సంగతి దాన్నడిగి వేసుకుంటున్నారు. అది పోగొట్టుకోమంటే ఎలా పోగొట్టుకుంటుంది? చివరికి మొగుడూ పెళ్ళాం ఒక మాటకు వచ్చారు. మంచి కాపలా కుక్కను తెచ్చి పెంచాలి. ఏడాది పాటు అల్లుడు విశాఖ దాకా పోకుండా దగ్గరి లోడ్లే పట్టుకుంటాడు. ఏడాదికి కుక్క తయారై ఇల్లు కాచేటట్టుంటే గుంటలు ఉంటాయి. లేకపోతే నెల్లూరే.

ఇక చూడండి, ఆ రోజు నుంచి అన్నం దగ్గర కూడా ఫోనులో కుక్కలే.

"ఇది చూడత్తా, జర్మన్ షెపర్డు. పోలీసోళ్ళ కాడ ఉంటాదే, అది."

"దాని బొచ్చు చూసినావా? మే నెలలో నూలు చీర ఓర్చుకోలేక తడిగుడ్డ కప్పుకునే దాన్ని నేను. దానికి కంబళి కప్పి గట్టు మీద నిలబెడతావా?"

"సరే, లాబ్రడారు. పిల్లలతో మంచిగుంటాదంట."

ఈసారి కూతురు అందుకుంది. "అది నీళ్ళు చూస్తే దూకేస్తాది. ఒక గుంటలో మునిగి ఇంకో గుంటలో తేలిందనుకో, దీని రోగం దానికి అంటిస్తాది. మనుషుల చేత కాళ్ళు కడిగించి గట్టెక్కిస్తా ఉండా నేను. రోజూ కుక్క కాళ్ళు కూడా కడగాలా?"

అల్లుడు పట్టు వదలలేదు. నల్లగా, ఎద్దు మెడతో ఉన్న ఒక కుక్కను చూపించాడు. రాట్‌వీలరట. "దీన్ని చూస్తే దొంగోడు గుండె ఆగి చస్తాడు."

"దొంగ సంగతి సరే. మన పిల్ల దాని తోక పట్టుకుని లాగితే?" అన్నాను. మా మనవరాలు అప్పట్లో తోక ఉన్న దేన్నీ వదిలేది కాదు. "అట్లాంటిదాన్ని తెస్తే దానికి నేర్పించే మనిషి ఇంట్లో ఉండాలి. నువ్వేమో రోడ్డు మీద ఉంటావు. గొలుసేసి కట్టేస్తే ఏ కుక్కకైనా పిచ్చెత్తుతాది. అప్పుడు దొంగ బయట ఉంటాడు, భయం ఇంట్లో ఉంటాది."

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మా దగ్గర పొద్దున్నే గుంటల మీదికి నీటికాకులు, కొంగలు దిగుతాయి. రొయ్యను పొడుచుకుపోతాయి. వాటిని తోలడానికి డబ్బాలు మోగిస్తాం, కంచాలు కొడతాం, మాట వినకపోతే టపాకాయ పేలుస్తాం. అంతకుముందు ఊళ్ళో ఎవరో ఇచ్చిన కుక్క ఒకటి ఉండేది. మొదటి టపాకాయకే మంచం కింద దూరింది. మళ్ళీ సాయంత్రానికి గాని రాలేదు. దొంగ వస్తే వాడే వంగి మంచం కిందికి చూసి దాన్ని పలకరించాలి. కాబట్టి నా షరతు ఒక్కటే. జాతి ఏదైనా కానీ, మోతకు బెదరకూడదు.

చివరికి రాజపాళయం దగ్గర అందరం ఆగాం. అరవ దేశపు కుక్క. తెల్లగా, సన్నగా, పొట్టి వెంట్రుకలతో, గులాబి రంగు ముక్కుతో ఉంటుంది. అల్లుడికి తోటి డ్రైవరెవరో చెప్పాడట. మన ఎండకు పుట్టినదే, బొచ్చు గోల లేదు, ఇంట్లోవాళ్ళను నమ్ముకుని ఉంటుంది, బయటివాడిని గడప తొక్కనివ్వదు. నాకు నచ్చింది.

మొదట వెంకటాచలం దగ్గర హైవే పక్కన చూశాం. చెట్టుకు అట్టముక్క కట్టి "అన్ని జాతుల కుక్కపిల్లలు దొరుకును" అని రాసి ఉంది. కింద ఒకడు బుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. బుట్టలో ఒకదాని మీద ఒకటి పడి పిల్లలు. పొట్టలు ఉబ్బి, కాళ్ళు సన్నగా ఉన్నాయి. అందులో తెల్లపిల్లను ఎత్తి రాజపాళయమే అన్నాడు.

"తల్లి యాడుండాది?" అన్నాను.

"తల్లి చెన్నైలో ఉండాదమ్మా. పెద్ద ఫారం."

"ఇది ఇంకా సరిగ్గా నడవలేదు. పాలు చెన్నై నుంచి తాగుతా ఉందా?"

"ఏందమ్మా, కుక్కను కొంటావా, దాని వంశాన్ని కొంటావా?"

"బర్రెను కొన్నా తల్లిని చూసే కొంటాం నాయనా. ఇంట్లో పిల్ల పక్కన పండబెట్టేదాన్ని చూడకుండా కొంటామా?"

అల్లుడు మెత్తనివాడు. లారీ ఎంత పెద్దదో మనసు అంత మెత్తన. నన్ను పక్కకు లాగి, "పాపం అత్తా, అది బతికేటట్టు లేదు, తీసుకుపోదాం" అన్నాడు. నాకూ దాన్ని ఒళ్ళో వేసుకోవాలనే ఉంది. కానీ జాలిపడి మనం ఒకటి కొంటే, రేపు వాడు ఇంకో బుట్ట నింపుకొస్తాడు. ఆ తల్లి ఎక్కడుందో దానికి మళ్ళీ కాన్పు. ఆ మాటే అల్లుడితో అన్నాను. వెనక్కి తిరిగి చూసుకుంటూ లారీ ఎక్కాడు.

తరువాత బిట్రగుంటలో ఒకామె ఉందని తెలిసింది. పాత రైల్వే క్వార్టర్లకు దగ్గరలో ఇల్లు. భర్త రైల్వేలో చేసి పోయాడు. వ్యాపారం కోసం కాదు, ఇష్టం కొద్దీ ఈ జాతి కుక్కల్ని పెంచుతుంది. ఎప్పుడో ఒక ఈత పెట్టిస్తే, పిల్లల్ని చూసి చూసి ఇస్తుంది. ఫోను చేస్తే, "పిల్లలకు రెండు నెలలు నిండినాక రండి, అంతకుముందు ఇయ్యను" అంది. ఆ మాటకే నాకామె మీద గురి కుదిరింది. నిండాక కూతురు, నేను, అల్లుడు వెళ్ళాం.

మేం అడిగేదాని కంటే ఆమె అడిగిందే ఎక్కువ. ఇల్లు ఎంత, ప్రహరీ ఉందా, కట్టేస్తారా వదిలేస్తారా, ఇంట్లో పిల్లలున్నారా, పగలు ఎవరుంటారు, ఏం పెడతారు. మా కూతురి పెళ్ళికి వియ్యంకులు కూడా అన్ని ప్రశ్నలు అడగలేదు. తల్లికుక్కను చూపించింది. అది వచ్చి మమ్మల్ని వాసన చూసి, ఆమె చెయ్యి ఊపితే పోయి కూర్చుంది. పిల్లలకు ఏ సూదులు వేయించిందో చెప్పింది. ఇవన్నీ బాగున్నాయి. కానీ నా పరీక్ష నాకుంది కదా. సంచిలోంచి స్టీలు కంచం, గరిట తీశాను.

"భోజనం తెచ్చుకున్నావా అక్కా?" అంది ఆమె.

"లేదు, చూడు" అని గరిటతో కంచాన్ని వాయించాను. కొంగలు లేచిపోయేటట్టు వాయించాను. పిల్లలు తలా ఒక మూలకు పరిగెత్తాయి. ఒకటి తల్లి కిందికి దూరింది. ఇంకొకటి అక్కడే తడిపేసింది. ఒక్కటే ఒక్క పిల్ల మాత్రం ఎండలో కాళ్ళు చాపి పడుకున్నది పడుకున్నట్టే ఉంది. చెవి కూడా కదపలేదు.

"ఇదీ గుండె అంటే!" అన్నాను.

"దాన్ని ఇప్పుడే ఇయ్యనక్కా" అంది ఆమె. "దాని తీరు నాకు ఇంకా అర్థం కాలా. పిలిస్తే ఒకోసారి వస్తాది, ఒకోసారి రాదు. ఇంకొన్నాళ్ళు నా కాడ ఉండనీ."

అదిగో, అక్కడ మా బుద్ధి బయటపడింది. మావైపు పశువుల బేరంలో అమ్మేవాడు ఏ గొడ్డును వెనక్కి కట్టేస్తే మంచిది అదే. ఆ లెక్కన ఈమె మంచిపిల్లను దాచుకుంటోందని ముగ్గురం ఒకేసారి అనుకున్నాం. అల్లుడు బతిమాలాడు. కూతురు తన ఏడాది గడువు చెప్పింది. నేను కదలనని కూర్చున్నాను. చివరికి ఆమె, "తీసుకుపోండి. ముందు డాక్టరుకు చూపించండి. ఏ తేడా వచ్చినా, ఎన్నేళ్ళకైనా సరే, నాకే తెచ్చి ఇయ్యాల. రోడ్డు మీద వదిలినా, ఇంకొకరికి ఇచ్చినా నేను ఊరుకోను" అంది. సరేనన్నాం. డాక్టరు మాట గుంటల పనిలో పడి మరిచాం.

కొన్నాళ్ళు మా ఇంట్లో దాని గొప్పే గొప్ప. టపాకాయ పేలితే మనవరాలు చెవులు మూసుకుంటుంది, అది ఆవులిస్తుంది. అల్లుడు దారి పొడుగునా డ్రైవర్లందరికీ చెప్పుకున్నాడు. "మా కుక్క ముందర బాంబు పెట్టినా చూడదబ్బా!"

నిజమే. చూడలేదు. ఒకరోజు కరెంటు పోయి, కూతురు జనరేటరు ఆన్ చేసింది. అది మొదలయ్యేటప్పుడు చేసే చప్పుడుకు నా వయసు మనిషికి గుండె జారుతుంది. తెల్లది, అదే మా కుక్కపిల్ల, దానికి ఆనుకుని నిద్రపోతోంది. ముందు కదలలేదు. కాసేపటికి జనరేటరు అదురు ఒంటికి తగిలి ఉలిక్కిపడి లేచింది. కూతురు నా మొహం చూసింది. లోపలికి పోయి ఇత్తడి బిందె తెచ్చి, కుక్క వెనకాల, అదురు దానికి అందకూడదని గచ్చు మీద కాకుండా ఇసుకలో నిలబడి, గరిటతో కొట్టాను. తెల్లది తోక కొరుక్కుంటూ ఉంది.

పశువుల డాక్టరు చూసి రెండు చెవులూ పుట్టు చెవుడే అన్నాడు. తెల్ల కుక్కల్లో అప్పుడప్పుడు వస్తుందట.

దారిలో ఆటోలో కూతురు ఒకటే మాట. "అమా, ఆయనకు చెప్పొద్దు. చెవిటి కుక్క ఇల్లు కాస్తాదా అని రేపే నెల్లూరుకు సామాను కట్టిస్తాడు."

"ఎన్నాళ్ళు దాస్తావు?"

"ఏదో ఒకటి తోచేదాకా."

బిట్రగుంట ఆమెకు మాత్రం ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నా తప్పక్కా, నేనే గట్టిగా పట్టుకోవాల్సింది. తెచ్చి ఇచ్చేయండి, నేను పెట్టుకుంటా. మీకు వచ్చే ఈతలో పిల్లనిస్తా" అంది. అంత మంచిగా మాట్లాడాక మాకు ఇంకా కష్టమైంది. వచ్చే ఈత ఎప్పుడు, ఆ పిల్ల పెరిగేది ఎప్పుడు? అప్పటికి ఈ గుంటల్లో ఇంకొకరి రొయ్యలు ఉంటాయి. అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఆదివారం తీసుకుపోదామని అనుకున్నాం. తెల్లది అప్పటికే మనవరాలి మంచం పక్కన తప్ప పడుకునేది కాదు. పిల్లకు ఆ సంగతి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఆ ఆదివారం లోపలే ఒక చిన్న సంగతి జరిగింది. మేత దింపే ఆటో కాలవ మలుపు తిరిగింది. ఇంకా కనబడనైనా లేదు. అరుగు మీద పడుకున్న తెల్లది గబుక్కున లేచి గేటు దగ్గరికి పరిగెత్తింది.

"చెవుడు పోయిందా ఏందిమా?" అంది కూతురు.

నాకూ వింతగానే ఉంది. అప్పుడు చూశాను. మా గట్టు మీద ఎప్పటి నుంచో ఒక ఆడ నాటుకుక్క తిరుగుతుండేది. మట్టిరంగుది, ఒక చెవి చిరిగినది. చేపల తలలు వేస్తే తింటుంది, రమ్మంటే రాదు. ఎవరూ తెచ్చుకున్నది కాదు కనుక దాన్ని మేం కుక్కల్లో లెక్కవేయలేదు. తెల్లది వచ్చినప్పటి నుంచి అది అరుగు కిందికి చేరింది. ఆటో చప్పుడుకు ముందు లేచింది అది. దాని కదలిక చూసి తెల్లది లేచింది. ఆ రోజంతా వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చున్నాను. నాటుది తల ఎత్తితే తెల్లది తల ఎత్తుతుంది. నాటుది పడుకుంటే ఇదీ పడుకుంటుంది. నిద్రలో కూడా వీపు దానికి ఆనించే పడుకుంటుంది, అది లేస్తే తెలిసేటట్టు.

మళ్ళీ బిట్రగుంటకు ఫోను. ఆమె నవ్వింది. "దానికి చెవులు దొరికినాయి గదక్కా! అయితే ఉంచుకోండి. కానీ దాన్ని రోడ్డు మీదికి వదలొద్దు, లారీ వెనకాల నుంచి వస్తే వినబడదు. నిద్రలో ఉంటే చెయ్యి వేసి లేపొద్దు, నేల మీద కాలితో తట్టండి. దాన్ని ఈతకు కట్టించొద్దు, పిల్లలకూ చెవుడొస్తాది. ఆ నాటుదానికి కూడా సూదులేయించి ఆపరేషన్ చేయించండి, రేపు గట్టు నిండా పిల్లలైతే నన్ను తిట్టుకుంటారు." అన్నీ చేశాం. చేతి సైగలు మనవరాలు నేర్పింది. అరచెయ్యి చూపితే ఆగు, తొడ తడితే రా. అల్లుడు చూసినా పిల్ల ఆటే అనుకున్నాడు. పేరు మాత్రం పెట్టలేదు. పిలిచినా వినబడనిదానికి పేరెందుకు? తెల్లది, నాటుది, అంతే.

ఏడాది నిండవస్తుండగా అల్లుడికి తెలిసింది. గేటు ముందు లారీ ఆపి హారను కొట్టాడు. నాటుది ఆ రోజు నా వెంట కాలవ గట్టున ఉంది. తెల్లది గేటు లోపలే నిద్రపోతోంది. మళ్ళీ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి వాడి మొహం పాలిపోయి ఉంది.

"చెవుడా అత్తా?"

"చెవుడే నాయనా."

"బాంబు పెట్టినా చూడదని చెన్నై దాకా చెప్పుకున్నానే!"

"అబద్ధమేం చెప్పలేదు గదా."

అల్లుడు విసురుగా లోపలికి పోయి కూతురితో నెల్లూరు ఇంటి మాట ఎత్తాడు. కూతురు నాటుకుక్క సంగతి చెబితే వినలేదు. "ఒకటి చెవిటిది, ఒకటి ఊరిది. రెండూ కలిసి కాపలానా?" అన్నాడు. కూతురు పోయి గుంటకు నీళ్ళు పెట్టే ఇంజను ఆన్ చేసింది. సీడు, అంటే రొయ్యపిల్లలు, వేయడానికి గుంట తయారుచేస్తూనే ఉంది. దాని జవాబు అదే.

తరువాత లోడు దింపి వస్తానని పోయినవాడు, చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆ సంగతి మాకు తెలియదు. లారీ రోడ్డు మీదే వదిలేసి, క్లీనరు చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, గేటు వైపు కాకుండా కాలవ వైపు నుంచి గట్టెక్కాడు. సముద్రపు గాలి వాడి మొహానికి కొడుతోంది, కాబట్టి వాసన ఇటు రాదు. కుక్కల కాపలా ఏపాటిదో తేల్చుకుందామని అన్నీ ఆలోచించుకునే వచ్చాడు. నేను అరుగు మీద చేపలు తోముతున్నాను. కుక్కలు రెండూ నా కాళ్ళ దగ్గర ఉన్నాయి.

ముందు నాటుది చెవి నిలబెట్టింది. లేచి ఒక్క అరుపు అరిచింది. తెల్లది దాన్ని చూసింది, అది చూసే వైపు చూసింది. ఇక ఆగలేదు. బాణంలా పోయింది. నేను కత్తిపీట వదిలి లేచేసరికి గట్టు మీద తువ్వాలు మనిషికి ఎదురుగా నిలబడి ఉంది. కరవలేదు. పళ్ళు చూపిస్తూ ఒక్కో అడుగు ముందుకు వేస్తోంది. వాడు ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నాడు. "ఏయ్, నేనే, నేనే" అంటున్నాడు. వినబడనిదానికి చెబితే ఏం లాభం? వెనక గట్టు అయిపోయింది. వాడు గుంటలో పడ్డాడు.

అప్పటికి నాటుది చేరుకుని గొంతు గుర్తుపట్టి తోక ఊపింది. ఆ తోక చూసి తెల్లది పళ్ళు మూసుకుంది. తువ్వాలు ఊడి నీళ్ళ మీద తేలుతుంటే మా అల్లుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు కుక్కల్నీ మార్చి మార్చి చూశాడు. కూతురు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చింది.

"కాళ్ళు కడుక్కోకుండా గుంటలోకి దిగినావా? నిన్ననే గదా రోగాలు పోవాలని బ్లీచింగ్ కొట్టినా! ఏ ఊరి రోగం తెచ్చి కలిపినావో ఏమో!"

వాడు మొహం తుడుచుకున్నాడు. తెల్లది గట్టు అంచున కూర్చుని వాడినే చూస్తోంది.

"సీడు ఎప్పుడు తెప్పిస్తా ఉండావు?" అన్నాడు.

"నువ్వు బయటికొస్తే మళ్ళీ బ్లీచింగ్ కొట్టి, అప్పుడు" అంది మా కూతురు.

వాడు బయటికి రాబోయాడు. తెల్లది లేచి నిలబడింది. నేను అరుగు మీది నుంచే అరచెయ్యి చూపించాను. అది నా వైపు చూడటం లేదు. చివరికి మనవరాలు ఇంట్లోంచి వచ్చి దాని ముందు నిలబడి, రమ్మని తొడ తట్టింది.